గని, గని మనిషి: బోర్గ్ మెష్ కెమెరాలో కిరునా

స్వీడన్ ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ వృత్తానికి దాదాపు 140 కిలోమీటర్ల అవతల ఉన్న కిరునా పట్టణం పుట్టిన వరుసే వేరు. 1895లో అక్కడ మొదటి చెక్క ఇల్లు లేచింది. భూగర్భ శాస్త్రవేత్త హ్యాల్మార్ లుండ్‌బూమ్ ఇల్లది. 1899లో రైలు వచ్చింది. అదే ఏడాది బోర్గ్ మెష్ అనే ఫొటోగ్రాఫర్ వచ్చి కాపురం పెట్టాడు. పట్టణానికి పేరూ, వీధుల పటమూ 1900లో ఖాయమయ్యాయి. చర్చి కట్టడం పూర్తయ్యేసరికి 1912. అంటే ఊరికి ప్రార్థనా మందిరం రావడానికి పదమూడేళ్ల ముందే కెమెరా వచ్చింది. తన పుట్టుకను తొలి రోజుల నుంచీ ఫొటోల్లో దాచుకోగలిగిన పట్టణాలు ప్రపంచంలో చాలా తక్కువ. కిరునాకు ఆ అదృష్టం మెష్ వల్లే దక్కింది.

1869లో పుట్టి 1956లో కన్నుమూసిన మెష్‌ను స్వీడన్‌లో మూడు రకాలుగా గుర్తుపెట్టుకున్నారు. గనినీ రైలుమార్గాన్నీ చిత్రించిన పారిశ్రామిక ఫొటోగ్రాఫర్‌గా ఒకరు, ఉత్తరాది ఆదివాసులైన సామీ ప్రజల ముఖచిత్రాలు తీసినవాడిగా ఇంకొకరు, మంచు శిఖరాలెక్కిన పర్వతారోహకుడిగా మరొకరు. ప్రదర్శనల్లోనూ పుస్తకాల్లోనూ ఈ మూడు పనులను వేర్వేరు అరల్లో సర్దడం అలవాటైంది. ఆ విభజన వల్ల అసలు విషయం మరుగున పడుతోంది. గని ముందు నిలబడిన మనిషీ, ఆదివారం స్టూడియోలో కుర్చీ పక్కన నిలబడిన మనిషీ చాలాసార్లు ఒకే రకం మనిషి. మొదటి ఫొటోకు డబ్బిచ్చింది కంపెనీ, రెండోదానికి డబ్బిచ్చింది ఆ మనిషే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే మెష్ పని విలువ అర్థమవుతుంది.

ముందు ఆ కొండ సంగతి. కీరునావారా, లువోస్సవారా అనే జంట కొండల్లో ఇనుప ఖనిజం ఉందని 18వ శతాబ్దం నాటికే తెలుసు. అయినా చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కారణాలు రెండు. ఆ ఖనిజంలో భాస్వరం ఎక్కువ, భాస్వరం ఉన్న ఉక్కు పెళుసుబారి విరిగిపోతుంది. పైగా అంత దూరం నుంచి సరుకు మోసే దారి లేదు. 1878లో ఇంగ్లండ్‌లో సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్, ఆయన బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్ కొలిమి లోపలి పూతను క్షారగుణం ఉన్న రాళ్లతో మార్చి, భాస్వరాన్ని చిట్టెంలోకి లాగేసే పద్ధతి కనిపెట్టారు. దాంతో లెక్కలు తలకిందులయ్యాయి. పనికిరాదనుకున్న కొండ బంగారు కొండైంది. 1890లో ఎల్‌కేఏబీ గనుల కంపెనీ ఏర్పడింది. శీతాకాలంలో స్వీడన్ వైపు లూలియో రేవు గడ్డకట్టిపోతుంది కాబట్టి, ఏడాది పొడుగునా మంచు కట్టని నార్వే రేవు నార్విక్ దాకా పట్టాలు వేశారు. 1903 జూలైలో రాజు ఆస్కార్ 2 ఆ మార్గాన్ని లాంఛనంగా ప్రారంభించాడు.

ఇంత పెద్ద పెట్టుబడికి చూపించడానికి బొమ్మలు కావాలి. స్టాక్‌హోమ్‌లో కూర్చున్న పార్లమెంటు సభ్యులు, వాటాదారులు, జర్మనీలో ఖనిజం కొనే ఉక్కు కంపెనీల పెద్దలు ఆ కొండను కంటితో చూసే అవకాశం దాదాపు లేదు. వాళ్లకు కొండను చేరవేసింది ఫొటోలే. 1920 దాకా కిరునాలో కంపెనీని నడిపిన లుండ్‌బూమ్‌కు బొమ్మల బలం బాగా తెలుసు. చిత్రకారుడు ప్రిన్స్ యూజెన్, శిల్పి క్రిస్టియాన్ ఎరిక్సన్ వంటివారితో స్నేహం చేసి, వాళ్ల కళను ఆ గని ఊరికి రప్పించినవాడాయన. కిరునా చర్చిలో యూజెన్ గీసిన చిత్రపటమూ, ఎరిక్సన్ శిల్పాలూ ఆ స్నేహానికి గుర్తులు. పేరున్న కళాకారులు అతిథులుగా వచ్చి వెళ్లేవాళ్లు. మెష్ మాత్రం అక్కడే ఉండిపోయాడు. చలిలో, చీకట్లో, పేలుళ్ల దుమ్ములో ఏళ్ల తరబడి ఒకే కొండను చూస్తూ ఉండటం అతిథి వల్ల అయ్యే పని కాదు.

ఆ కొండను ఫొటో తీయడం ఎంత కష్టమో చెప్పుకోవాలి. కిరునా ఖనిజం మాగ్నటైట్, దాదాపు నల్లగా ఉంటుంది. నల్లటి రాతి గోడ, దాని పక్కనే తెల్లటి మంచు. ఫిల్ముకు బదులు వాడే ఆ కాలపు గాజు పలకలకు ఇంత వెలుగునూ ఇంత చీకటినీ ఒకేసారి పట్టుకునే శక్తి లేదు. రాతి వివరం కనిపించేలా ఎక్కువసేపు వెలుగు ఇస్తే మంచు కాగితంలా తెల్లబోతుంది. మంచు నిలిచేలా తక్కువ ఇస్తే రాయీ మనుషుల ముఖాలూ మసిలో కలిసిపోతాయి. ఎండ కాసే రోజు కంటే మబ్బు పట్టిన రోజే ఇలాంటి పనికి మేలు. డిసెంబరులో మూడు వారాల పాటు సూర్యుడు ఉదయించనే ఉదయించడు. మే చివరి నుంచి జూలై మధ్య దాకా అస్తమించనే అస్తమించడు. చీకటి రోజుల్లో పని చేయాలంటే మెగ్నీషియం పొడి వెలిగించాలి, ఒక్క మెరుపుతో గది నిండా తెల్లటి పొగ కమ్ముకుంటుంది. గడ్డకట్టించే చలిలోంచి కెమెరాను వెచ్చటి గదిలోకి తెస్తే కటకం మీద చెమ్మ పడుతుంది, తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. చెక్క కెమెరా, ముక్కాలి పీట, గాజు పలకల పెట్టె కలిస్తే ఒక మనిషి మోయదగిన బరువంతా అవుతుంది. దాన్ని మోసుకుంటూ మెట్లు మెట్లుగా తొలిచిన గని అంచు మీదికి ఎక్కాలి.

ఈ సాంకేతిక పరిమితులే మెష్ గని చిత్రాల స్వభావాన్ని నిర్ణయించాయి. వెలుగు చాలని చోట షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, ఆ లోపు కదిలినవాళ్లు మసకబారిపోతారు. అందుకని పని ఆపమని చెప్పాలి. సమ్మెట ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాలి, డ్రిల్లు పట్టినవాడు దాని మీద చేయి ఆనించి నిలవాలి, బండి తోసేవాడు చక్రం మీద కాలు పెట్టి కెమెరా వైపు తిరగాలి. చూసేవాళ్లకు అది పని దృశ్యంలా అనిపిస్తుంది కానీ, నిజానికి ఆ క్షణంలో అక్కడ పని జరగడం లేదు. పని ఆగిన ఆ కాసిన్ని క్షణాల్లో కార్మికుడు తనను తాను సర్దుకుంటాడు. టోపీ సరిచేసుకుంటాడు, గడ్డం పైకెత్తుతాడు, పక్కవాడి భుజం మీద చేయి వేస్తాడు. కంపెనీ అడిగింది యంత్రం బొమ్మ. పలక మీద మిగిలింది మనిషి బొమ్మ కూడా. ఆ కాలపు పారిశ్రామిక ఛాయాచిత్రాలన్నిటిలోనూ ఈ లక్షణం కొంత ఉంది. మెష్ దగ్గర అది ఎక్కువగా కనిపించడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఆయనకు ఆ ముఖాలు పరాయివి కావు. స్టాక్‌హోమ్ నుంచి వచ్చి వారం ఉండి పోయే ఫొటోగ్రాఫర్ ముందు బిగుసుకుపోయే మనిషి, రేపు తన బిడ్డ ఫొటో తీయబోయే ఊరివాడి ముందు అలా బిగుసుకుపోడు.

గని మొత్తాన్ని చూపించే దూరపు చిత్రాల్లోనూ మనిషికి ఒక పాత్ర ఉంది, అయితే అక్కడ అతడు కొలబద్ద. నల్లటి మెట్ల మధ్య ఎక్కడో గోరంత మనిషి కనిపిస్తేనే ఆ గోడ ఎత్తెంతో తెలుస్తుంది. ఖనిజం కొనేవాళ్లకు కావలసిందీ అదే: ఇది తరిగిపోయే కొండ కాదని భరోసా.

ఇక స్టూడియో. కొత్త గని ఊరంటే అందరూ వలస వచ్చినవాళ్లే. దక్షిణ స్వీడన్ నుంచి వచ్చిన యువకులు, టోర్నే నది లోయ నుంచి వచ్చిన ఫిన్నిష్ మాట్లాడేవాళ్లు, రైలు పని ముగిశాక గనిలో కుదురుకున్న కూలీలు. వీళ్లందరికీ వెనక ఎక్కడో ఒక ఇల్లుంది. ఆ ఇంటికి పంపే ఉత్తరంలో ఫొటో పెడితే దానికి అర్థం వేరు. బతికే ఉన్నాను, బాగానే ఉన్నాను, మంచి బట్టలు కొనుక్కున్నాను. అందుకే స్టూడియో చిత్రాల్లో గని వాసన కూడా ఉండదు. గట్టి కాలరు, గొలుసు గడియారం, దువ్విన జుట్టు, నునుపుగా గీసిన గడ్డం, వెనక రంగులద్దిన తెర. గని చిత్రంలో మనిషి తన పనిముట్టుతో కనిపిస్తే, ఇక్కడ పనిముట్టు ఆనవాలు లేకుండా కనిపించాలనుకుంటాడు. ఒక మనిషి తనను ఇలా గుర్తుంచుకోవాలని డబ్బిచ్చి మరీ కోరుకున్న రూపాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అది గని చిత్రంలోని రూపం కంటే తక్కువ నిజం కాదు.

ఈ రెండు పనులూ ఒకదానికొకటి నేర్పాయి. ముఖం మీద కిటికీ వెలుగు ఎలా జారుతుందో తెలిసినవాడు రాతి గోడ మీద పక్క వెలుగు పడే గంట కోసం కాచుకోగలడు. గని గుంపులో ఇరవైమందిని ఒక్క ముఖమూ మరుగున పడకుండా నిలబెట్టగలిగినవాడికి పెళ్లి గుంపు లెక్క కాదు. చిన్న ఊళ్లో ఒక్క పనే చేసి బతకడం కుదరదు కాబట్టి ఆయన అన్నీ చేశాడన్నది నిజమే. అవసరం కొద్దీ అబ్బిన నేర్పు అయినంత మాత్రాన అది నేర్పు కాకుండా పోదు.

మెష్ సామీ చిత్రాల దగ్గరికి వచ్చేసరికి చర్చ ఇంత సులువు కాదు. గని రాకముందు ఆ నేల మీద రెయిన్‌డీర్ మందలు తోలుకుంటూ బతికినవాళ్లు సామీలు. కొండ తవ్వకమూ రైలు పట్టాలూ వాళ్ల మేత దారులను అడ్డంగా కోశాయి. అదే రైలు యాత్రికులనూ తెచ్చింది. యాత్రికులకు పోస్టుకార్డులు కావాలి, పోస్టుకార్డు మీద రంగురంగుల బట్టల సామీ మనిషి కావాలి. 20వ శతాబ్దపు తొలి దశకాలు పోస్టుకార్డుల స్వర్ణయుగం, ఉత్తరాది ఫొటోగ్రాఫర్లకు అది మంచి రాబడి. మెష్ కూడా ఆ కార్డులు వేశాడు.

ఇక్కడ పలక గురించి ఒక సంగతి. అప్పటి పలకలు నీలి రంగుకు చప్పున స్పందిస్తాయి, ఎరుపును దాదాపు చూడలేవు. సామీల అంగరఖా ముదురు నీలం, అంచుల మీద ఎర్రటి, పసుప్పచ్చటి పట్టీలు. పలక మీద నీలం తేలిపోయి బూడిద రంగుకు తిరుగుతుంది, కంటికి అగ్గిలా కనిపించే ఎరుపు నల్లబడిపోతుంది. ఎండకూ చలికీ ఎర్రబారిన చెంపలూ అంతే, ఉన్నదానికంటే నల్లగా, ముడతలు లోతుగా కనిపిస్తాయి. ఆ చిత్రాల్లో సామీ వృద్ధుల ముఖాలు రాతిలో చెక్కినట్టు ఉంటాయని చాలామంది మెచ్చుకుంటారు. ఆ గంభీరతలో కొంత భాగం మనుషులదైతే కొంత భాగం రసాయనానిది. పరాయి కంటికి ‘ఆదిమ’ంగా తోచిన ఛాయలో పలక లోపం ఎంతుందో గుర్తుంచుకోవడం మంచిది.

మరో తేడా ఇంకా ముఖ్యమైనది. గని కార్మికుడి స్టూడియో చిత్రం అతడి జేబులోకి, అతడి తల్లి చేతికి వెళ్లింది. పోస్టుకార్డు మీది సామీ చిత్రం ఎవరెవరి ఆల్బమ్‌లకో వెళ్లింది, చాలాసార్లు మనిషి పేరు లేకుండా. 1922లో ఉప్‌సాలాలో హెర్మన్ లుండ్‌బోర్గ్ నాయకత్వంలో జాతి జీవశాస్త్ర సంస్థ ఏర్పడి, సామీల పుర్రెలు కొలిచి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు తీసి వాళ్లను నమూనాలుగా మార్చింది. స్వీడన్ చరిత్రలో అదొక మాయని మచ్చ. స్టూడియో ఫొటోగ్రాఫర్ పనినీ ఆ దౌర్జన్యాన్నీ ఒకే గాట కట్టడం అన్యాయం. మెష్ ముందు కూర్చున్న సామీలలో తమ కోసం తాము ఫొటో తీయించుకున్నవాళ్లను వేరుగా చూడాలి. అయితే పేరులేని ముఖం అమ్ముడుపోయే సరుకుగా మారే దారి పోస్టుకార్డుల బల్ల మీద కూడా ఉందన్నది కాదనలేం. ఇప్పుడు ఈ చిత్రాలను చూసే సామీ కుటుంబాలకు మొదట కావలసింది కళావిమర్శ కాదు. ఈ బొమ్మలో ఉన్నది మా తాతమ్మేనా అన్న ప్రశ్నకు జవాబు.

కొండల చిత్రాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అవి తమను తామే పరిచయం చేసుకుంటాయి. ఖనిజం మోసే పట్టాల పక్కనే అబిస్కో లోయ ఉంది. 1909లో స్వీడన్ ప్రకటించిన తొలి జాతీయ ఉద్యానవనాల్లో అదొకటి, యూరప్ ఖండంలోనే అవి మొదటివి. మెష్ ఆ లోయనూ, దేశంలోకెల్లా ఎత్తయిన కెబ్నెకైసె ప్రాంతాన్నీ స్కీల మీద తిరిగి చిత్రించాడు. స్వీడిష్ పర్యాటక సంఘం వార్షిక సంచికల ద్వారా దక్షిణాదివారికి ఉత్తరాది కొండలు పరిచయం కావడంలో ఆయన చిత్రాలకు వాటా ఉంది. ఒకే చేయి ఒకవైపు కొండను తవ్వడానికి కావలసిన బొమ్మలూ, మరోవైపు కొండను తవ్వకుండా కాపాడుకోవాలనిపించే బొమ్మలూ తీసింది. ఆ కాలం వాళ్లకు అందులో వైరుధ్యం కనిపించలేదు. దేశానికి ఖనిజమూ కావాలి, శిఖరమూ కావాలి.

ఇంత చెప్పాక, ఆయన చిత్రాల్లో దొరకనిదేమిటో కూడా చెప్పాలి. కంపెనీ పని మీద తీసిన చిత్రాలు కంపెనీకి నచ్చేవే. ‘సిరాబుడ్డి’ ఆకారంలో ఉంటాయని ఆ పేరే పడిన కార్మికుల ఇళ్లు, బడి, 1907లో మొదలైన ట్రామ్ వంటివి ఆదర్శ పట్టణం ఆనవాళ్లుగా చిత్రాలకు అందంగా ఒదుగుతాయి. దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని, కూలి రేట్ల మీద పేచీ, రాత్రి షిఫ్టు అలసట పలక మీద పడే సంగతులు కావు. వీటిని చూపించిన కిరునా మరో తరం వరకు రాలేదు. 1968లో రచయిత్రి సారా లిడ్‌మన్ గని కార్మికుల మాటలను వాళ్ల నోటి నుంచే పుస్తకంగా తెచ్చినప్పుడు, దానికి ఫొటోలు తీసినవాడు ఓడ్ ఊర్‌బూమ్. అప్పటికి తవ్వకం కొండ మీద నుంచి భూగర్భంలోకి దిగింది. చేతి కెమెరా, చురుకైన ఫిల్ము వచ్చాయి కాబట్టి పని ఆపమని ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ ఫొటోల్లో మనుషులు గడ్డం పైకెత్తి నిలబడరు, అలసిపోయి కూర్చుంటారు. ఆ మరుసటి ఏడాది, 1969 డిసెంబరులో, దాదాపు 5,000 మంది గని కార్మికులు తమ యూనియన్ నాయకత్వాన్ని కూడా లెక్కచేయకుండా సమ్మెకు దిగి, రెండు నెలల పాటు గనులు మూయించారు.

ఊర్‌బూమ్ చిత్రాలు చూశాక మెష్ చిత్రాలు అబద్ధాలనిపించవచ్చు. ఆ తీర్పు తొందరపాటు. ఊర్‌బూమ్ కార్మికుడి పక్షాన నిలిచాడు, అది గొప్ప పనే. కానీ ఆ కార్మికుడు ఆదివారం పూట ఎలా కనిపించాలనుకున్నాడో ఆయన పుస్తకంలో ఉండదు. మెష్ స్టూడియో పలకల్లో ఉంటుంది. కంపెనీ కోసం తీసిన చిత్రంలో దాగినదాన్ని కార్మికుడి సొంత డబ్బుతో తీసిన చిత్రం కొంతైనా పూరిస్తుంది. గనిని మాత్రమే తీసిన ఫొటోగ్రాఫర్ అయితే మెష్‌ను కంపెనీ ప్రచారకుడని పక్కన పెట్టేయవచ్చు. ముఖచిత్రాలు మాత్రమే తీసి ఉంటే ఊరి స్టూడియోవాళ్లలో ఒకడయ్యేవాడు. రెండూ ఒకే చోట, ఒకే కాలంలో చేశాడు కాబట్టే ఆయన పలకలు ఇప్పుడు ఒక ఊరి సాక్ష్యంగా నిలిచాయి.

ఆ సాక్ష్యం అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. ఖనిజపు పొర కొండ కింద నుంచి ఏటవాలుగా పట్టణం కిందికి దిగుతుంది. తవ్వేకొద్దీ పైన నేల బీటలు వారుతోంది. ఊరిని తూర్పుకు జరపక తప్పదని 2004లో తేల్చారు. పాత వీధులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. లుండ్‌బూమ్ ఇంటినీ కొన్ని సిరాబుడ్డి ఇళ్లనూ ఎత్తి వేరేచోట దించారు. 672 టన్నుల చెక్క చర్చిని 2025 ఆగస్టులో చక్రాల వాహనాల మీదికెక్కించి, రెండు రోజుల్లో 5 కిలోమీటర్లు నడిపించి కొత్త పట్టణానికి చేర్చారు. ఇళ్లు కదిలాయి కానీ, వాటి మధ్య ఉన్న దూరాలు, కిటికీలోంచి కొండ కనిపించే కోణం, వీధి మలుపు కదలవు. పాత కిరునాలో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో, వీధి చివర కొండ ఎంత ఎత్తున కనిపించేదో తెలుసుకోవాలంటే పాత గాజు పలకలే దిక్కు.

పెద్ద పలకకు ఇంకో సుగుణం ఉంది. ఫిల్ము ముక్కను పెద్దది చేస్తే రవ్వలు తేలి ముఖం చెదిరిపోతుంది. అరచేతికి మించిన వెడల్పున్న గాజు పలకను స్కాన్ చేసి పెద్దది చేస్తే, గని మెట్ల మీద వేలెడంత కనిపించిన గుంపులోంచి కూడా మనుషుల కళ్లు, మీసాలు, బొత్తాలు తేటగా బయటికొస్తాయి. ‘కీరునావారా, తవ్వకం’ అని మాత్రమే రాసి ఉన్న చిత్రం నుంచి పది ముఖచిత్రాలు తీయవచ్చు. వాటిని స్టూడియో పలకల పక్కన పెట్టి పోల్చే పనికి పూనుకుంటే, తవ్వకం చిత్రంలో పేరు లేకుండా మిగిలినవాళ్లలో కొందరికైనా పేర్లు దొరికే వీలుంది, ఎందుకంటే స్టూడియోకు వచ్చినవాడు పేరు చెప్పి, డబ్బు కట్టి వెళ్లినవాడు. చిత్రాలను ‘పరిశ్రమ’, ‘మనుషులు’, ‘ప్రకృతి’ అని మూడు అరల్లో ఉంచినంత కాలం ఆ పోలిక ఎవరికీ తట్టదు.